డీజిల్ ఇంజనుకి ఏది పోయాలి: బంకు డీజిలా, ప్రీమియమా, బయోడీజిలా?

లీటరు మీద పది పన్నెండు రూపాయలు తక్కువకి బయోడీజిల్ ఇస్తాం, డ్రమ్ములు గుంట గట్టు మీదికే తెచ్చి దించుతాం, డబ్బులు రొయ్యల పట్టుబడి అయ్యాక ఇవ్వండి అని ఫోన్ వస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. మాది నెల్లూరు జిల్లా, రొయ్యల గుంటలు ఉన్నాయి, ఒక ట్రాక్టర్ ఉంది, మా తమ్ముడికి లారీ ఉంది. అంటే నెలకి డీజిల్ మీద పెట్టే ఖర్చు చిన్నది కాదు. అందుకే నేను కూడా ఒకసారి రెండు డ్రమ్ములు దించుకున్నాను. బిల్లు లేదు, ఎక్కడ తయారైందో చెప్పే కాగితం లేదు. మొదటి నెల బాగానే నడిచింది. మూడో నెలలో ఒక రాత్రి రెండు గంటలకి కరెంటు పోయింది, జనరేటర్ స్టార్ట్ అయింది, పది నిమిషాలు తిరిగాక శబ్దం ఎక్కుతూ దిగుతూ ఊగి ఊగి ఆగిపోయింది. గుంట నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయాయి. పక్క గట్టు అన్న తన జనరేటర్ నుంచి వైరు లాగి ఇవ్వబట్టి గుంట మిగిలింది కానీ ఆ గంటసేపు టార్చి వేసుకుని నీళ్లలోకి చూస్తూ నిలబడ్డ టెన్షన్ నేను మర్చిపోలేను. తెల్లారి ఫిల్టర్ విప్పితే లోపల గోధుమరంగు జిగురు. జనరేటర్ డీజిల్ పంపు నెల్లూరు తీసుకెళ్లి విప్పించాల్సి వచ్చింది, మూడు నెలల్లో మిగిలిందంతా ఆ ఒక్క బిల్లుకే చాల్లేదు.

ఆ తర్వాత దీని గురించి మెకానిక్కులని, పంపు షాపు వాళ్లని, లారీ వాళ్లని అడిగి, నేను చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. బయోడీజిల్ మొత్తం చెడ్డదని నేను చెప్పను. ఏ ఇంజనుకి ఏది, ఎన్నాళ్లు నిల్వ పెట్టేది, ఎవరి దగ్గర కొనేది అన్నది తేలకుండా లీటరు ధర ఒక్కటే చూసి దిగితే నష్టపోతాం.

ముందు చూడాల్సింది ధర కాదు, పంపు

మీ ఇంజను పాత రకం మెకానికల్ పంపుదా, సీఆర్‌డీఐదా (అంటే డీజిల్‌ని చాలా ఎక్కువ ఒత్తిడితో చిమ్మే కొత్త ఎలక్ట్రానిక్ రకందా)? ఇది తెలియకుండా మిగతా మాటలన్నీ వృథా. పాత ట్రాక్టర్లు, పాత జనరేటర్లు, పాత లారీల్లో పంపు డీజిల్‌ని నాజిల్ దాకా తోస్తుంది, నాజిల్ సుమారు 200 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుంది. సీఆర్‌డీఐలో అదే ఒత్తిడి 1,600 బార్, కొన్నిట్లో 2,000 దాటుతుంది. లోపలి భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు ఉంటుంది, మన తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా కాదు. ఆ సందులో కందెన పని చేసేది కూడా డీజిలే, వేరే నూనె ఏదీ ఉండదు. కాబట్టి డీజిల్ పలచబడినా, నీళ్లు కలిసినా, మురికి వచ్చినా ముందు దెబ్బ తినేది పంపూ నాజిళ్లే.

గుర్తుపట్టడం కష్టం కాదు. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్-6 (వాహనాల కాలుష్య ప్రమాణం) కార్లు, లారీలు దాదాపు అన్నీ సీఆర్‌డీఐ. ట్రాక్టర్లలో 50 హార్స్‌పవర్ పైన ఉన్నవాటికి 2023 జనవరి నుంచి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి, ఆ తర్వాతి పెద్ద ట్రాక్టర్లలో సీఆర్‌డీఐ కనిపిస్తుంది. మన దగ్గర ఎక్కువగా ఉండే 35 నుంచి 50 హార్స్‌పవర్ లోపు ట్రాక్టర్లు చాలావరకు పాత రకం పంపువే. జనరేటర్లకి కూడా 2023 జులైలో సీపీసీబీ-4 ప్లస్ అనే కాలుష్య నిబంధనలు వచ్చాయి కాబట్టి ఈ మధ్య కొన్నది అయితే ఎలక్ట్రానిక్ పంపు ఉందేమో డీలర్‌ని అడిగి తెలుసుకోండి.

రెండోది నిల్వ. కొన్నది వారంలో అయిపోతుందా, మూడు నెలలు డ్రమ్ములో ఉంటుందా? రోజూ తిరిగే లారీకి ఇది సమస్యే కాదు, కరెంటు పోయినప్పుడే నడిచే జనరేటర్‌కి ఇదే అసలు సమస్య.

మూడోది, ఇంజను ఆగితే మీకు పోయేది ఎంత? దుక్కి మధ్యలో ట్రాక్టర్ ఆగితే ఒక పూట పోతుంది. రాత్రి గుంట దగ్గర జనరేటర్ ఆగితే పంటే పోవచ్చు. బోటు నడి సముద్రంలో ఆగితే మాట ఇక పైసల గురించి కాదు.

ధర నాలుగోది. అది కూడా లీటరుకి ఎంత అని కాదు, గంట పనికి ఎంత, కిలోమీటరుకి ఎంత అని లెక్క వేయాలి. ఈ తేడా ఎందుకో బయోడీజిల్ దగ్గర చెబుతాను.

బంకు డీజిల్

మనం బంకులో కొట్టించేది హైస్పీడ్ డీజిల్. దీనికి ఐఎస్ 1460 అనే భారత ప్రమాణం ఉంది, సీటేన్ సంఖ్య కనీసం 51 ఉండాలి, గంధకం 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది) దాటకూడదు. బీఎస్-3 కాలంలో గంధకం 350 పీపీఎం, బీఎస్-4లో 50 ఉండేది. సీటేన్ అంటే డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే కొలత, తక్కువైతే స్టార్టింగ్ కష్టం, టకటకమనే శబ్దం, తెల్ల పొగ.

గంధకం తీసేశాక డీజిల్‌లో జిడ్డు పోయిందని, పాత ట్రాక్టర్ల పంపులు అందుకే అరుగుతున్నాయని ఊళ్లలో ఒక మాట తిరుగుతోంది. గంధకం తీసే పద్ధతిలో సహజమైన జిడ్డు కొంత తగ్గేది నిజమే, కానీ రిఫైనరీలో దానికి బదులు కందెన గుణం ఇచ్చే మందు కలుపుతారు, అరుగుదలకి పరిమితి కూడా అదే ప్రమాణంలో ఉంది. పాత ఇంజన్లు బంకు డీజిల్‌తో నిక్షేపంగా నడుస్తాయి. దానికోసం ట్యాంకులో 2టీ ఆయిల్ కలిపే అలవాటు కొంతమంది డ్రైవర్లకి ఉంది. పాత లారీలో పెద్ద నష్టం ఉండకపోవచ్చు కానీ బీఎస్-6 బండిలో ఆ పని చేయకండి, దాని బూడిద సైలెన్సర్ దగ్గర పొగని వడకట్టే ఫిల్టర్‌లో చేరి కూర్చుంటుంది, అది మార్చాలంటే మామూలు ఖర్చు కాదు.

బంకులో అనుమానం వస్తే అడిగే హక్కు మనకుంది. ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులో ఉండాలి, దాంతో పట్టి చూపించమనండి, ఐదు లీటర్లకి 25 మిల్లీలీటర్ల వరకే తేడా ఒప్పుకుంటారు. సాంద్రత రాసే రిజిస్టర్ కూడా అడగొచ్చు. డీజిల్ సాంద్రత (ఘనపు మీటరుకి కిలోల్లో) మామూలుగా 820 నుంచి 845 మధ్య ఉంటుంది, ట్యాంకర్ వచ్చినప్పుడు రాసిన అంకెకీ ఇప్పుడు చూసిన అంకెకీ మూడు పాయింట్లకి మించి తేడా ఉంటే అనుమానించాలి. ఐతే సాంద్రత సరిపోయినంత మాత్రాన కల్తీ లేదని కాదు. కిరోసిన్ కలిపితే అంకె తగ్గుతుంది, నూనెతో చేసిన సరుకు కలిపితే పెరుగుతుంది, రెండూ కలిపినవాడికి అంకె సరిగ్గానే వస్తుంది.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే ఎక్కువ వస్తుందని కూడా అంటారు. బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, మన మే నెల ఎండలో కూడా లోపల వేడి పొద్దునకీ సాయంత్రానికీ పెద్దగా మారదు. దానికోసం నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ప్రీమియం డీజిల్

ఇండియన్ ఆయిల్ వాళ్ల ఎక్స్‌ట్రాగ్రీన్, హెచ్‌పీ వాళ్ల టర్బోజెట్ లాంటివి. అసలు సరుకు డీజిలే, అందులో నాజిల్ దగ్గర మసి పేరుకోకుండా చేసే మందు, సీటేన్ పెంచే మందు కలుపుతారు. ప్రయోజనం ఉంది, కానీ అందరికీ కాదు.

లెక్క చూడండి. మామూలు డీజిల్ 97 రూపాయలు, ప్రీమియం 101 అనుకుందాం. నాలుగు శాతం ఎక్కువ. అంటే లీటరుకి పది కిలోమీటర్లు ఇచ్చే బండి పది కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు ఇస్తేనే మీ డబ్బు మీకు తిరిగి వచ్చినట్టు. పాత మెకానికల్ పంపు ట్రాక్టర్‌లో ఆ తేడా నాకైతే కనపడలేదు, ఒక ట్యాంకు దానితో, ఒక ట్యాంకు దీనితో ఒకే చేను దున్ని చూశాను. సీఆర్‌డీఐ కారుకి, అదీ ఎక్కువగా ఊళ్లోనే కొద్ది కొద్ది దూరాలు తిరిగే కారుకి, అప్పుడప్పుడు ఒక ట్యాంకు కొట్టిస్తే నాజిళ్లు శుభ్రంగా ఉంటాయి. ప్రతిసారీ అదే కొట్టించాల్సిన పని లేదు. జనరేటర్‌కి, ట్రాక్టర్‌కి ఆ నాలుగు రూపాయలు పెట్టేకంటే ఫిల్టర్ వేళకి మార్చడానికి పెట్టడం మేలు.

బయోడీజిల్: మంచిదీ ఉంది, మోసమూ ఉంది

అసలైన బయోడీజిల్ అంటే వంటనూనె, వాడేసిన నూనె, పామాయిల్ మడ్డి లాంటివాటిని మిథనాల్‌తో కలిపి రసాయన పద్ధతిలో మార్చి, గ్లిజరిన్ వేరు చేసి, కడిగి, ఆరబెట్టి తీసేది. దానికి ఐఎస్ 15607 అనే ప్రమాణం ఉంది. ఆరు నుంచి ఇరవై శాతం దాకా డీజిల్‌లో కలిపిన మిశ్రమానికి వేరే ప్రమాణం, ఐఎస్ 16531. బంకు డీజిల్‌లో కూడా ఏడు శాతం వరకు కలపడానికి వీలుంది. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి ఐదు శాతం కలపాలని లక్ష్యం పెట్టింది. అంటే ప్రభుత్వం వద్దనే సరుకు కాదు ఇది. జిడ్డు గుణం డీజిల్ కంటే ఎక్కువ, పొగ తక్కువ, గంధకం దాదాపు లేదు.

మరి చిక్కు ఎక్కడ? నాలుగు చోట్ల.

ఒకటి, బలం తక్కువ. లీటరుకి డీజిల్ కంటే సుమారు ఎనిమిది శాతం శక్తి తక్కువ ఇస్తుంది. డీజిల్ 97, బయో 85 అంటే పన్నెండు రూపాయలు మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ వంద లీటర్ల డీజిల్ చేసే పనికి ఇది నూటెనిమిది లీటర్లు పోయాలి, అంటే అసలు ధర 92 దగ్గరికి వచ్చింది. మిగిలింది ఐదు రూపాయలు. నేను మోసపోయింది ముందు ఈ లెక్కలోనే, పన్నెండు అనుకుని డైరీలో రాసుకుంటూ పోయాను.

రెండు, ఇది ట్యాంకు కడుగుతుంది. ఏళ్ల తరబడి ట్యాంకు అడుగున, పైపుల్లో అంటుకున్న మడ్డిని కరిగించి ఫిల్టర్‌లోకి తెస్తుంది. అందుకే మొదటి రెండు మూడు ట్యాంకుల్లో ఫిల్టర్ తరచూ మూసుకుపోతుంది. పాత ఇంజన్లలో ఉండే మామూలు రబ్బరు పైపులు, ఓరింగులు దీనికి ఉబ్బి మెత్తబడతాయి.

మూడు, నిల్వ. ఇది గాలిలో తేమని డీజిల్ కంటే బాగా పీలుస్తుంది, ఎండలో ఉంటే పుల్లబడి జిగురవుతుంది, నీళ్లు చేరిన చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జెల్లీలా తయారవుతుంది. బాగా చేసిన సరుకుకే ఆరు నెలలు గడువు అంటారు. మన సముద్రపు గాలికి, గట్టు మీద రేకుల షెడ్డు కింద వేడికి అంతకాలం ఆగుతుందని నేను నమ్మను.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. బయోడీజిల్ అన్న పేరుతో డ్రమ్ముల్లో తిరిగే సరుకంతా బయోడీజిల్ కాదు. సరిగ్గా కడగకుండా గ్లిజరిన్, సబ్బు మిగిలిపోయిన నూనె ఉంటుంది, ఫ్యాక్టరీల్లో వాడే సాల్వెంట్లు, పలచటి నూనెలు కలిపి రంగు సరిచేసిన సరుకూ ఉంటుంది. నా డ్రమ్ముల్లో ఏముందో ఈ రోజుకీ నాకు తెలియదు. పంపు విప్పిన ముసలాయన ప్లంజర్ వేలితో తిప్పి చూపిస్తూ, ‘‘అబ్బయా, దీంట్లో పోసింది ఏందో నీకే తెలీనప్పుడు ఇది నడవాలని ఎట్టా అడుగుతావు’’ అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి బయోడీజిల్ వాడదలిస్తే జీఎస్టీ బిల్లు, ఐఎస్ 15607 ప్రకారం ఆ బ్యాచ్‌కి చేసిన పరీక్ష కాగితం, అమ్మేవాడికి అనుమతి ఉన్నట్టు ఆధారం, ఈ మూడూ చూపించిన చోటే కొనండి. మెకానికల్ పంపు ఇంజనులో, ఇరవై శాతం దాటకుండా కలిపి, వారం పది రోజుల్లో అయిపోయేలా వాడండి. సీఆర్‌డీఐలో కంపెనీ పుస్తకంలో ఎంత శాతం రాశారో అంతే, చాలా కంపెనీలు ఏడు శాతం దగ్గరే ఆపేస్తాయి, దాటితే వారంటీ పోతుంది.

కిరోసిన్, ఎల్డీవో, కానుగ నూనె

కిరోసిన్ గురించి ఒక్క మాట చాలు: వద్దు. డీజిల్ కంటే చాలా పలచన, జిడ్డు లేదు, పంపు లోపలి ఎలిమెంట్ అరిగిపోతుంది. నీలం రంగు కిరోసిన్ అయితే రేషన్‌కి ఉద్దేశించింది, అది ఇంజనులో పోయడం నేరం కూడా.

ఎల్డీవో అంటే లైట్ డీజిల్ ఆయిల్. నిమిషానికి 750 చుట్లకి లోపు తిరిగే ఇంజన్లకి, ఫ్యాక్టరీల బర్నర్లకి ఉద్దేశించిన సరుకు. పూర్వం బావుల మీద ఉండే, పెద్ద చక్రంతో దడదడమని తిరిగే లిస్టర్ రకం ఇంజన్లు 650 దగ్గర తిరిగేవి, వాటికి సరిపోయేది. ఇప్పుడు మన దగ్గర ఉండే ఇంజన్లు 1,500కి తగ్గి తిరిగేవి ఎన్ని ఉన్నాయి? ఆ పాత ఇంజను మీ దగ్గర ఉంటే తప్ప దాని గురించి ఆలోచించకండి.

కానుగ నూనె, వాడేసిన వంటనూనె నేరుగా పోస్తామనే వాళ్లున్నారు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్ని వేరుశనగ నూనెతో నడిపి చూపించిన మాట నిజమే. కానీ కానుగ నూనె డీజిల్ కంటే సుమారు పదింతలు చిక్కన. నాజిల్ నుంచి పొగమంచులా కాకుండా చుక్కలుగా పడుతుంది, సగం కాలి పిస్టన్ మీద బొగ్గు కడుతుంది, మిగిలింది కిందికి జారి ఇంజను ఆయిల్‌లో కలుస్తుంది. దాన్ని బయోడీజిల్‌గా మార్చితేనే పనికొస్తుంది, ఆ మార్పు ఇంట్లో డ్రమ్ములో చేసేది కాదు, మిథనాల్ విషం, మంట ప్రమాదం కూడా.

ఒకచోట చూసుకోవడానికి

| సరుకు | పాత మెకానికల్ పంపు | సీఆర్‌డీఐ, బీఎస్-6 | నెలల నిల్వ |
|---|---|---|---|
| బంకు డీజిల్ | మంచిది | మంచిది | నీళ్లు చేరకుండా చూస్తే పర్వాలేదు |
| ప్రీమియం డీజిల్ | ఖర్చుకి తగ్గ లాభం లేదు | అప్పుడప్పుడు | పర్వాలేదు |
| బిల్లు, పరీక్ష కాగితం ఉన్న బయోడీజిల్ మిశ్రమం | 20 శాతం లోపు, జాగ్రత్తతో | పుస్తకంలో రాసినంతే | వద్దు |
| బిల్లు లేని డ్రమ్ము సరుకు | వద్దు | అసలే వద్దు | వద్దు |
| ఎల్డీవో | 750 చుట్ల లోపు పాత ఇంజనుకే | వద్దు | పర్వాలేదు |
| కిరోసిన్, పచ్చి నూనెలు | వద్దు | వద్దు | వద్దు |

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

రొయ్యల రైతులకి ముందు చెబుతాను, ఎందుకంటే పొరపాటుకి ఎక్కువ మూల్యం చెల్లించేది మనమే. జనరేటర్‌కి బంకు డీజిల్ తప్ప ఇంకేదీ వద్దు. డీజిల్‌తో తీసే ఒక యూనిట్ కరెంటుకి లీటరులో మూడో వంతు దాకా పోతుంది, అంటే యూనిట్ ముప్పై రూపాయల చుట్టూ పడుతుంది, ఆ బాధ నాకు తెలుసు. కానీ దాన్ని తగ్గించుకోవాల్సింది సరుకు మార్చి కాదు. జనరేటర్ సైజు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి, పెద్ద జనరేటర్‌ని పావు లోడు మీద నడిపితే యూనిట్‌కి డీజిల్ ఎక్కువ తాగుతుంది, పైగా పొగగొట్టం దగ్గర నల్లటి జిడ్డు కారుతుంది. కరెంటు ఉన్నా వారానికి ఒకసారి పదిహేను ఇరవై నిమిషాలు, ఏరేటర్ల లోడు ఇచ్చి నడపండి, చెడేది ఏమైనా ఉంటే పగలే బయటపడుతుంది. నిల్వ ఉన్న డీజిల్‌ని ముందు వచ్చింది ముందు వాడండి, కొత్త డ్రమ్ము తెచ్చి పాతది వెనక్కి నెట్టొద్దు.

ట్రాక్టర్ ఉన్న వరి రైతుకి బంకు డీజిలే. చేను దగ్గర క్యాన్‌తో పోసేటప్పుడు దుమ్ము, గడ్డి పరకలు పడకుండా జల్లెడ ఉన్న గరాటు వాడండి. కోతల కాలంలో కోత మిషన్ వాళ్లు ఒక్కోసారి డీజిల్ మీరే తెచ్చి పోయండి అంటారు కదా, అప్పుడు కూడా బిల్లు ఉన్న డీజిలే తెచ్చి ఇవ్వండి, ఆ మిషన్ మధ్యలో ఆగితే పండిన చేను ఎవరి కోసమూ ఆగదు.

జువ్వలదిన్నె, కొత్తపట్నం వైపు బోట్ల వాళ్లకి లెక్క ఇంకా తేలిక. రిజిస్టర్ అయిన బోటుకి రాష్ట్ర ప్రభుత్వం 2019లో డీజిల్ సబ్సిడీని లీటరుకి 6 రూపాయల 3 పైసల నుంచి 9 రూపాయలకి పెంచింది. బయట డ్రమ్ము సరుకు కొంటే ఆ సబ్సిడీ రాదు. పన్నెండు రూపాయలు తక్కువ అని కొన్నది, తొమ్మిది సబ్సిడీ పోగొట్టుకుని, ఎనిమిది శాతం ఎక్కువ కాలిస్తే చేతి నుంచి పడ్డట్టే. ఇంకో సంగతి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులు బోటు ఒడ్డున ఉంటుంది. సగం ఖాళీ ట్యాంకులో పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ తేమ నీళ్లై అడుగున చేరుతుంది. నిషేధానికి ముందు ట్యాంకు దాదాపు నింపి పెట్టండి, అందులో నూనెతో చేసిన సరుకు ఒక్క చుక్క కూడా ఉండకూడదు. మళ్లీ వేటకి వెళ్లే ముందు అడుగు ప్లగ్గు తీసి నీళ్లు పోయేదాకా వదిలి, ఫిల్టర్ మార్చి, ఒడ్డునే అరగంట నడిపి చూడండి.

చీమకుర్తి క్వారీల్లో ఎక్స్‌కవేటర్లు, కంప్రెషర్లు నడిపే వాళ్లకి సరుకు కంటే దుమ్మే శత్రువు. అంత గ్రానైట్ పొడిలో డ్రమ్ము మూత తెరిచి చేత్తో పంపు కొట్టి పోస్తుంటే మంచి డీజిల్ కూడా పాడైపోతుంది. రోజు వాడకం ఎక్కువైతే డీజిల్ తెచ్చి పోసే, మీటరు ఉన్న ట్యాంకు బండితో (మొబైల్ బౌజర్) నేరుగా మిషన్ ట్యాంకులో పోయించుకోవడం మేలు, డ్రమ్ము తెరవడం, డీజిల్ తగ్గిందని వాదన, రెండూ తప్పుతాయి.

లారీ వాళ్ల సంగతి వేరు. మన రాష్ట్రంలో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, దాని పైన లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఒక రూపాయి. తడ దాటి తమిళనాడులోకి వెళ్తే తక్కువకి దొరుకుతుంది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా ఒకే బీఎస్-6 డీజిల్ కాబట్టి అక్కడిది తక్కువ రకం అనే భయం అక్కర్లేదు, తేడా పన్నులోనే. చెన్నై లోడు ఉన్నవాడు తిరుగు దారిలో అక్కడ ఫుల్ ట్యాంకు కొట్టించుకోవడం తెలివైన పనే. కానీ నెల్లూరు నుంచి సరిహద్దు వంద కిలోమీటర్లకి అటూ ఇటూ, లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండి పోవడానికే పాతిక లీటర్లు తాగుతుంది. దానికోసమే పని పెట్టుకుని పోతే నష్టం.

బీఎస్-6 లారీలో డీజిల్‌తో పాటు, పొగలో కాలుష్యం తగ్గించే డీఈఎఫ్ అనే ద్రవం కూడా కావాలి కదా, దాని దగ్గర కూడా కొందరు పొదుపు చేయబోతున్నారు. అది 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్లు. పొలంలో చల్లే వేపపూత యూరియాని బోరు నీళ్లలో కలిపి పోస్తే ఆ మలినాలు సైలెన్సర్ దగ్గరి ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తాయి. నీలం మూత ట్యాంకు డీఈఎఫ్‌కి, డీజిల్ ట్యాంకులో అది పొరపాటున కూడా పడకూడదు.

నిల్వ పెట్టేవాళ్లకి

చట్టం ప్రకారం డీజిల్ ఒకచోట మొత్తం 2,500 లీటర్లు దాటకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లు మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. రెండు మూడు డ్రమ్ములు పెట్టుకునే రైతు దాని గురించి భయపడాల్సింది లేదు. డ్రమ్ముని నేల మీద నిలబెట్టొద్దు, వాన పడితే మూత చుట్టూ నీళ్లు నిలిచి లోపలికి ఇంకుతాయి. పడుకోబెట్టి, మూతలు రెండూ డీజిల్ మట్టం కిందికి వచ్చేలా, నీడలో పెట్టండి. వాడే ముందు రోజు నిలబెట్టి కదపకుండా ఉంచి, పంపు పైపు అడుగుకి నాలుగు వేళ్ల ఎత్తున ఉండేలా పెట్టి తీయండి. అడుగున మిగిలింది ఆశపడి ట్యాంకులో పోయకండి.

కొత్త చోట కొన్న ప్రతిసారీ తెల్ల గాజు సీసాలో అర లీటరు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున వెలుతురుకి పెట్టి చూస్తే అడుగున నీళ్ల గీత, మబ్బు, మడ్డి, పొరలు విడిపోవడం తెలిసిపోతుంది. మంచి డీజిల్ లేత పసుపుగా, వెనక పెట్టిన పేపరు అక్షరాలు కనిపించేంత తేటగా ఉంటుంది. ఇది అన్ని కల్తీలనీ పట్టదు కానీ నా డ్రమ్ములకి ఈ పని చేసి ఉంటే నేను వాటిని వెనక్కి పంపేవాడిని.

తప్పు సరుకు ఇప్పటికే పోసేసి ఉంటే

ఇంజను నడపకపోతే ఇంకా అదృష్టవంతులు. సీఆర్‌డీఐ బండిలో తాళం కూడా తిప్పకండి, చాలా బళ్లలో తాళం ఆన్ చేయగానే ట్యాంకులో మోటరు తిరిగి సరుకుని ముందుకు తోసేస్తుంది. ట్యాంకు మొత్తం ఖాళీ చేయించి, పైపులు కడిగించి, ఫిల్టర్ మార్చి, మంచి డీజిల్ పోసి, ఎయిర్ తీయించాకే స్టార్ట్ చేయాలి. ఇప్పటికే కొన్ని గంటలు నడిచి ఉంటే, ఫిల్టర్ విప్పి కాగితం రంగు చూడండి, ఇంజను ఆయిల్ గేజీ కర్ర తీసి మట్టం పెరిగిందేమో, పలచబడిందేమో చూడండి. పెరిగితే సరుకు కిందికి దిగినట్టే, ఆయిల్ కూడా మార్చాలి. తీసేసిన సరుకులో ఒక లీటరు సీసాలో మూత బిగించి, తేదీ రాసి, బిల్లుతో పాటు పక్కన పెట్టుకోండి, అమ్మినవాడిని అడగాలన్నా, తూనికల శాఖకి, పౌరసరఫరాల వాళ్లకి ఫిర్యాదు ఇవ్వాలన్నా చేతిలో ఉండాల్సింది అదే. నా దగ్గర ఆ సీసా ఉంది కానీ బిల్లు లేదు, అందుకే నా ఫిర్యాదు ముందుకి వెళ్లలేదు.